వెనక గోడ

నా కుట్టుపెట్టెలోంచి సన్న సూది మాయమైందంటే
మా ఆయన నేలమాళిగలో మేకులు కొడుతున్నాడన్నమాట.
పలక పలకకీ, లోపలి నిట్రాడ తగిలేచోట, రెండేసి పోట్లు.
అవే మేకులు.
కళ్ళజోడు మీద ఇంకో కళ్ళజోడు పెట్టుకుని
ఊర్హో నిన్న రాత్రి నాలుగొందల పదహారు కొట్టాడు.
లెక్క ఆయనే చెప్పాడు, పొద్దున రొట్టెకి వెన్న రాస్తూ.

బయట సుపీరియర్ సరస్సు మీంచి వచ్చిన మంచు
కిటికీని సగందాకా మింగేసింది.
కింద బల్బు వెలుగులో మాత్రం ఎప్పుడూ ఆగస్టే,
ఎనభై ఏడో వంతు ఆగస్టు.

ఎండాకాలం ఇదే మనిషి నిచ్చెనెక్కి
మా ఇంటి పడమటి గోడకి రంగు మీద రంగు పూస్తాడు,
చెక్క బూడిదరంగుకి తిరిగితే పరువు పోయినట్టు.
చలి మొదలవగానే
కొత్త చెక్కని ముసలిదాన్ని చెయ్యడానికి
వెనిగర్‌లో ఇనుప పీచు నానేస్తాడు.
వారం తిరిగేసరికి సీసాలో మురుగు.
ఒక్క పూత, అంతే.
తేనెరంగు పుల్ల మన కళ్ళముందే
యాభై శీతాకాలాలు గడగడా తాగేస్తుంది.
ఇల్లంతా ఊరవేసిన దోసకాయ వాసన.

ఈ ఏడు కడుతున్నది ఆటర్ బెండ్ దగ్గరి గ్యాంగు ఇల్లు.
పట్టాల మేస్త్రీ అని మా నాన్నకి కంపెనీ ఇచ్చిన కొంప.
నేను పుట్టింది అందులోనే.
ఇప్పుడక్కడ బర్చ్ చెట్లు. పట్టాలు కూడా పీక్కుపోయారు.
ఊర్హో దగ్గర మూడు ఫొటోలున్నాయి,
మూడూ లైను వైపు నుంచి తీసినవే.
తీసినవాడికి కావలసింది ఇంజను,
ఇల్లు దాని వెనక ఊరికే పడింది.

ముందు గోడ ముచ్చటగానే వచ్చింది.
పొలుసులు లేచిన ఆకుపచ్చ తలుపు,
ఒక పెంకు జారిన కప్పు, పొగగొట్టం చుట్టూ మసి.
చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాను.
నున్నటి అట్టముక్క.

“అది గోడవైపుకి కదా, ఎవరు చూస్తారు?”

ముందువైపు కంపెనీది ఊర్హో,
మేం బతికింది వెనక.

వంటింటి కిటికీలోంచే అమ్మ గిన్నెల నీళ్ళు పారబోసేది.
దాని కింద పలకలు నల్లబడి, అంచుల్లో నాచు.
ఆ పక్కన కట్టెల పేర్పు ఉండేది,
వసంతానికి కట్టెలు అయిపోతే
గోడ మీద లేత చదరం మిగిలేది, కట్టు విప్పిన చర్మంలా.
మోకాలెత్తున ఒక ముడి ఊడిపోయింది.
సిల్వీ అందులోంచి చలిగాలితో మాట్లాడుతోందని
నాన్న సార్డీన్ డబ్బా మూత కొట్టి మూసేశాడు.

ఆయన ఏమీ అనలేదు.
ఇంకో స్టూలు లాగాడు. సీసా, బ్రష్షు, నా సూది నాకే ఇచ్చాడు.
“ఆరనిస్తూ వెయ్యాలి, తొందర పడితే…”
నాకు పద్ధతులు చెప్పకు.

మూడు గోడలు పాడుచేశాను.
మొదటిది చూసి “ఇల్లు తగలబడిందా?” అన్నాడు.
నిజమే, మా అమ్మ పొదుపరి,
అన్ని నీళ్ళు ఎప్పుడు పోసింది గనక.
నాలుగోదానికి చెయ్యి కుదురుకుంది.
మూత కోసం చాక్లెట్ రేకు, తుప్పు కోసం రంగు సుద్దపొడి,
నాచు కోసం ఏం కలిపానో చెప్పను.

మార్చిలో ఆయన స్నేహితులు వచ్చి రైళ్ళు నడిపారు.
ముందు గోడని మెచ్చుకున్నారు, కాఫీ తాగారు, వెళ్ళారు.
బట్టలుతికే మిషను పక్కన నిలబడి
మెడ బాగా వంచితే
రెండంగుళాల సందులోంచి వెనక గోడ కనిపిస్తుంది.
ఆ మెడ వంచేది నేనొక్కదాన్నే అనుకున్నాను.

నిన్న దుప్పట్లు వేస్తూ చూశాను.
కిటికీ కింద, నాచు పైన,
మెరుస్తూ ఒక తడి జాడ,
ఇప్పుడే ఎవరో నీళ్ళు పారబోసి లోపలికి వెళ్ళినట్టు.
వార్నిష్ చుక్క.
అది నేను వేసింది కాదు.